ఉడకబెట్టిన తాడు

ఏప్రిల్ నెలాఖరులో రోలరు పిడి ఎదురుతన్ని మా ఆయన కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరమ్మ ఆరు వారాలు చెయ్యి కదపకూడదంది. ఆ మాట వినగానే నాకు గుర్తొచ్చింది ఆయన చెయ్యి కాదు, మా గది.

మార్కాపురం క్లబ్బు వెనకాల రేకుల గది అది. మా ఆయన చెన్నకేశవులు క్లబ్బులో మార్కరుగా ఉన్నంత కాలం మాది. మార్కరంటే టెన్నిస్ కోర్టుకు నీళ్ళు చల్లి, రోలరు లాగి, సున్నంతో గీతలు గీసి, జత దొరకని మెంబర్లతో జీతానికి ఆడే మనిషి. చెయ్యి పోయిన మార్కరుకు గది ఎందుకిస్తారు? నాకు రెండేళ్ళ పాప, ముసలి అత్త. పుట్టింట్లో నాకంటే చిన్నవాళ్ళు ముగ్గురు. మా తాలూకాను కర్నూలు నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపిన మూడో వేసవి అది.

మర్నాడు సెక్రెటరీ గారు మా గడప ముందుకే వచ్చారు. ప్లీడరు లక్ష్మీనరసయ్య గారు. మనిషి చెడ్డవాడు కాదు గానీ కోర్టులో మాట్లాడినట్టే అన్నిచోట్లా మాట్లాడతారు.

"కేశవులూ, ఆరు వారాలంటే జూన్ వస్తాది. గిద్దలూరోళ్ళతో మ్యాచి జూన్ రెండో ఆదివారం. కర్నూల్లో ఒక మార్కరు ఖాళీగా ఉండాడంట. జాబు రాద్దామనుకుంటా ఉండా."

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. తలుపు వెనక నిలబడ్డ నేను ఎట్లా అన్నానో తెలియదు. "ఆ పని నేను చేస్తానయ్యా."

"దీనికేమన్నా గాలి సోకిందా?" అంది మా అత్త గురవమ్మ.

"నేల పని చేస్తావమ్మా, కాదనను. ఆట ఎవరాడతారు?" అన్నారు ప్లీడరు గారు.

కట్టు చూడటానికి వచ్చిన డాక్టరమ్మ అక్కడే ఉంది. ఆమె పేరు వసుంధర. గుంటూరులో చదువుకుని మా ఊరి ఆసుపత్రికి వచ్చింది. క్లబ్బులో ఆడ మెంబరు ఆమె ఒక్కతే. "నాకు పొద్దున పూట బంతులు అందించే మనిషి ఉంటే చాలండీ. మగవాళ్ళు మీలో మీరు ఆడుకుంటారు. ఈ అమ్మాయిని చూద్దాం," అంది.

"వారం చూస్తా," అన్నారు ప్లీడరు గారు.

మర్నాడు తెల్లారగానే మా ఆయన మెట్టు మీద కూర్చుని నాకు పని నేర్పడం మొదలుపెట్టాడు. కొంగు బొడ్లో దోపుకుని, ఆయన కాన్వాసు బూట్లలో గుడ్డపీలికలు కుక్కుకుని నిలబడ్డాను. నేను చదివింది ఏడో తరగతి. ఆ తర్వాత పట్టుకున్నవన్నీ చేటలూ గరిటెలే. బ్యాటు చేతికి బరువుగా తగిలింది.

"బంతిని కొట్టొద్దు తులసీ. కొట్టేది వాళ్ళు. మనం వాళ్ళ చేతికి అందియ్యాల. పాప నోటికి ముద్ద అందిస్తావే, అట్ల."

మొదటి బంతి కంచె దాటింది. రెండోది నెట్టులో పడింది. నేను వాటినే చూస్తున్నాను.

"పోయినదాన్ని చూస్తా నిలబడొద్దు. ఈలోపల ఇంకోటి వచ్చి—"

వచ్చి నా మూతికి తగిలింది. ఎడమ చేత్తో ఆయనే విసిరాడు. అత్త ఆ రోజంతా నవ్వింది. తర్వాత నా వాచిన పెదవికి పసుపు పెట్టింది.

మూడో రోజు లెక్క నేర్పాడు. పదిహేను, ముప్పై, నలభై.

"పదైదుకు పదైదు కలిపితే ముప్పై. దానికి పదైదు కలిపితే నలభై అయిదు కావాల గదరా?" అంది అత్త. "ఆ అయిదు ఎవరు మింగినారు?"

"అది దొరల లెక్కలేమ్మా."

"దొరలు పోయినారు గదా, ఆ అయిదు ఇచ్చి పోవద్దా?"

ఆ లెక్క నాకు తేలిగ్గానే వచ్చింది. కష్టమైంది మార్కరు చేసే ఇంకో పని. మెంబర్లు పోటీగా ఆడేటప్పుడు ఎత్తు స్టూలు మీద కూర్చుని, బంతి గీత లోపల పడిందో బయట పడిందో చెప్పాలి. పెద్దమనుషులు ఆడుతుంటే మధ్యలో "అవుట్" అనాలి. నాకు భయం వేసేది.

"భయపడు, తప్పు లేదు," అన్నాడు మా ఆయన. "భయపడినోళ్ళ కన్ను బాగా చూస్తాది. కానీ కనబడింది కనబడినట్టు చెప్పు. లోపలా బయటా అని అనుమానమొస్తే మాత్రం లోపలే. మనకు తెలీనప్పుడు కొట్టినోళ్ళ పక్కే ఉండాల."

నాకు పాప పుట్టినప్పటి నుంచీ ఒక జబ్బు. పాప లేచి నిలబడితే ఎటు పడుతుందో ముందే కనబడుతుంది. మంచం కోడు, నీళ్ళ తొట్టి, రోలు, అన్నీ దాని తలకు ఎదురు వస్తున్నట్టే ఉంటాయి. రెండేళ్ళుగా నేను నిద్రపోయింది తక్కువ. వారం తిరిగేసరికి కోర్టులోనూ అదే అయింది. డాక్టరమ్మ బ్యాటు తిరుగుతుండగానే బంతి ఎక్కడికొస్తుందో నా కాళ్ళకు తెలిసిపోతోంది.

"నీకు ముందే ఎట్లా తెలుస్తుంది?" అని అడిగిందామె ఒక పొద్దున, ఆయాసపడుతూ.

"ఏమోనమ్మా. ఇంట్లో తిరిగే పిల్ల ఉండాది గదా."

ఆమెకు అర్థమైందో లేదో. మా ఆయన మాత్రం మెట్టు మీద నుంచి, "కర్నూల్లో నాకు పని నేర్పిన ముసలి మార్కరు అనేవాడమ్మా," అన్నాడు. "జీతానికి ఆడేవాడు ప్రొఫెషనలంట. పోటీల్లో కప్పు ముట్టుకోకూడదంట. మా ఇంట్లో ఇప్పుడు ఇద్దరమైనాము ముట్టుకోకూడనోళ్ళం."

"ఆ రోజులు పోయాయి కేశవులూ. నాలుగేళ్ళయింది. పెద్దపెద్ద పోటీలన్నిట్లో ఇప్పుడు డబ్బు తీసుకుని ఆడేవాళ్ళు ఆడుతున్నారు, కప్పులు వాళ్ళవే. ప్రొఫెషనల్ అంటే ఇప్పుడు తక్కువ మాట కాదు."

ఆయన ఆ మాట వాళ్ళమ్మకు నాలుగుసార్లు చెప్పాడు. "ఆ పేరు చెప్తే బోరింగులో నీళ్ళు వస్తాయా?" అంది ఆమె. కర్నూలుకు జాబు మాత్రం పోలేదు.

మే రెండో వారంలో కోర్టును కొత్తగా పరవాలి. ఏటా గిద్దలూరు మ్యాచికి ముందు అట్లా చేస్తారు. పలకల ఫ్యాక్టరీల వెనక గుట్టలుగా పడి ఉండే మెత్తటి పలకల పొడి రెండు బండ్లు తోలించి, పాత గీతలు గీకేసి, పొడి పరిచి, తడిపి, రోలరు లాగాలి. మా ఊరి ఎండకు నల్లగా, పెనంలా మెరుస్తుంది ఆ నేల. కూలీలు ఇద్దరు సాయం వచ్చారు. గీతలు గీయడం మాత్రం మార్కరు పనే.

దానికి ఒక నూలు తాడు ఉంది. కర్నూలు ముసలి మార్కరు మా ఆయనకు ఇచ్చింది. బెత్తెడు బెత్తెడుకు కాదు, కావలసిన చోటనే ముడులు. నెట్టు స్తంభానికి ఒక కొస కడితే రెండో కొస అవతలి స్తంభానికి సరిగ్గా తగులుతుంది. వెనక గీతకు ఒక ముడి, మధ్య గీతకు ఒక ముడి, పక్క గీతలకు ఒకటి. ఆ ముడుల దగ్గర మేకులు కొట్టి సున్నం పోస్తే కోర్టు తయారు. క్లబ్బులో టేపు లేదు, ఎవరూ అడగలేదు.

ఆ తాడు సున్నం పట్టి కట్టెలా బిగుసుకుపోయి ఉంది. ఏళ్ళ తరబడి ఎవరూ ఉతికినట్టు లేదు. అందరూ చూసే కొత్త నేల మీద ఇంత మురికి తాడు వెయ్యాలా అనిపించింది. ముందు రోజు దాన్ని సోడా వేసిన నీళ్ళలో ఉడకబెట్టి, బండ మీద బాది, ఎండలో ఆరేశాను. మల్లెపువ్వులా వచ్చింది. మా ఆయన చెయ్యి చూపించుకోవడానికి ఆసుపత్రికి పోయిన పొద్దునే మేకులు కొట్టి గీతలు గీసేశాను. తిరిగొచ్చి చూసి, "నాకంటే తిన్నగా గీసినావే," అన్నాడు. నా కడుపు నిండింది.

గిద్దలూరు జట్టుతో ఆడటానికి మా వైపు ముగ్గురు కావాలి. తాసిల్దారు గారు, పలకల షావుకారు రంగయ్య గారు ఖాయం. మూడో చోటు ఆరేళ్ళుగా ప్లీడరు గారిది. ఆ ఏడాది డాక్టరమ్మ నోరు తెరిచి అడిగింది, "నాతో ఒక సెట్టు ఆడండి. గెలిచినవాళ్ళం వెళదాం."

క్లబ్బంతా నవ్వింది. ప్లీడరు గారు కూడా నవ్వారు గానీ, "సరే" అన్నారు.

ఆ సాయంత్రం స్టూలు మీద నేనే. ప్లీడరు గారి ఆటంతా లోతు బంతులు. ఎత్తుగా లేపి వెనక గీత అంచున పడేస్తారు, ఎదుటివాళ్ళు వెనక్కు పరుగెత్తలేక అలిసిపోతారు. డాక్టరమ్మది నెట్టు దాటగానే జారవిడిచే ఆట. అయిదు ఆటలు అటూ ఇటూ అయ్యాక ఆయన బంతులు ఒక్కొక్కటే గీత దాటి పడటం మొదలైంది.

"అవుట్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆయన బ్యాటు తీగలు చూసుకున్నారు. మళ్ళీ లేపారు. జానెడు బయట.

"అవుట్."

"సరిగ్గా చూసినావా అమ్మా?"

"చూసినానయ్యా. గీతకూ బంతి పడినదానికీ నడుమ నల్లనేల కనబడింది."

అట్లాంటివి నాలుగు చెప్పాను. సెట్టు డాక్టరమ్మది అయింది. ప్లీడరు గారు తువ్వాలు మెడలో వేసుకుని, "వయసైపోయింది, దూరం తెలీడం లేదు," అని ఎవరితోనూ కాకుండా అనుకుంటూ పోయారు. ఆ తర్వాత రెండు వారాలు క్లబ్బుకు వచ్చి వరండాలో పేపరు చదువుకుని వెళ్ళారు తప్ప బ్యాటు పట్టుకోలేదు. డాక్టరమ్మ నా బుగ్గ గిల్లి, నీ కళ్ళు నాకిస్తావా అంది. నాకు మాత్రం సంతోషం కలగలేదు. ఒక పెద్దమనిషి ముఖం మీద నాలుగుసార్లు కాదన్నాను కదా. కానీ కనబడింది చెప్పాను అని సర్దుకున్నాను.

జూన్ రెండో వారంలో మా ఆయన కట్టు విప్పారు. చెయ్యి సన్నబడి, పాలిపోయి ఉంది. మ్యాచి ఇంకా మూడు రోజులు. ఎడమ చేత్తోనే నెట్టు బిగించి, ఏదో సరిచూద్దామని తాడు కొస ఒక స్తంభానికి కట్టి రెండో స్తంభం వరకూ లాగాడు. తాడు అందలేదు. ఇంకా లాగాడు. రెండు జానల పైనే తక్కువ.

"తులసీ, దీన్నెవరన్నా కోసినారా?"

"ఎవరు కోస్తారు? నేనే ఉడకబెట్టి ఉతికితి. మురికి పోయింది, చూడు ఎంత తెల్లగా—"

ఆయన ముఖం చూసి ఆగిపోయాను. ఆయన తాడును వదిలి, మా గీతకు అవతల నేల మీద రెండు జానలు కొలిచి, వేలితో గీత గీశాడు. వెనక గీత ఉండవలసింది అక్కడ. ప్లీడరు గారి నాలుగు బంతులూ నా కళ్ళ ముందు మళ్ళీ పడ్డాయి. నాలుగూ ఆ వేలి గీతకు లోపలే.

గదిలోకి వచ్చాక మా ఆయన గొంతు తగ్గించి అన్నాడు, "రేపు తెల్లారి మళ్ళీ గీద్దాం. ఓవర్సీరు నడిగి టేపు తెస్తా. ఎవరికీ తెలీదు."

"మూడో చోటు?"

"అయిపోయింది గదా అది."

"ఆయన ఆట మానేసినాడయ్యా. వయసైపోయిందనుకుంటాండాడు."

"ఏమే, చెప్తే నిన్ను, నన్ను, నాతోపాటు దీన్నీ బయట నిలబెడతారు," అంటూ అత్త పాపను ఒళ్ళోకి లాక్కుంది. "నీకు డాక్టరమ్మ ఎంత చేసింది? ఆమె చోటు పీకేస్తావా? నోరు మూసుకుని గీతలు గియ్యి."

అత్త చెప్పింది తప్పని నాకు ఇప్పటికీ అనిపించదు. ఆ మాటలన్నీ ఆమె కంటే ముందు నేనే అనుకున్నాను. గది పోతే ఎక్కడుంటాం, పాపను ఎవరింట్లో పడుకోబెట్టాలి అని అప్పటికే మూడు ఊళ్ళు తిరిగొచ్చాను మనసులో. కానీ వరండాలో పేపరు చదివే ఆ మనిషి ముందు నుంచే రోజూ నీళ్ళ బిందెలు మోసుకుపోవాలి. ఎట్లా పోయేది?

సాయంత్రం అందరూ వరండాలో ఉన్నప్పుడు తాడు చుట్ట తీసుకుపోయి ప్లీడరు గారి కుర్చీ ముందు పెట్టాను. మా ఆయన నా వెనకే వచ్చి నిలబడ్డాడు.

"అయ్యా, ఆ పొద్దు నేను అవుట్ అన్న నాలుగూ లోపలివే. కోర్టు పొట్టిగా గీసినా. తాడు ఉడకబెట్టితిని. అది కుంచించుకపోయింది. నాకు తెలీదు."

"ఏం చేసినావు?" అన్నారు తాసిల్దారు గారు.

"ఉడకబెట్టినానయ్యా. సోడా వేసి."

వరండా పగిలిపోయేట్టు నవ్వారు. రంగయ్య గారికి దగ్గు వచ్చింది. "తాళింపు కూడా పెట్టినావా అమ్మా?" అన్నారు. ప్లీడరు గారు మాత్రం నవ్వలేదు. తాడు చేతిలోకి తీసుకుని ముడి ముడీ తడిమి చూస్తున్నారు.

"ఎవరు కనిపెట్టినారు?"

"మేమే. ఈ పొద్దున."

"మీరు కాక ఇంకెవరికన్నా తెలుసునా?"

"మా అత్తకు."

"అట్లయితే ఎందుకు చెప్పినావు?"

"మీరు బ్యాటు పట్టుకోవడం మానేసినారు గదయ్యా," అన్నాను.

డాక్టరమ్మ ముఖం ఎర్రబడి ఉంది. నా వైపు చూడకుండానే లేచి, "అయితే ఆ సెట్టు లెక్కలోకి రాదు. సరైన కోర్టు మీద మళ్ళీ ఆడదాం," అంది.

"ఈసారి లైను ఇంకెవరన్నా చెప్పాల," అన్నారు తాసిల్దారు గారు.

"ఎందుకు?" ప్లీడరు గారు తాడును బల్ల మీద పెట్టారు. "ఇరవై ఏండ్లుగా సాక్షుల్ని చూస్తా ఉండా. తనకు నష్టమని తెలిసి తానే వచ్చి చెప్పిన సాక్షి నాకు ఇద్దరో ముగ్గురో దొరికినారు. ఈమె కండ్లు తప్పు చూడలేదు. గీత తప్పు. ఈమెనే కూర్చోనీయండి."

శుక్రవారం మేమిద్దరం ఓవర్సీరు టేపుతో కోర్టంతా మళ్ళీ గీశాం. మేకులు నేను కొట్టాను, ఆయన కొలిచాడు. శనివారం పొద్దున ఆట. ఎండ ఎక్కకముందే ఊళ్ళో సగం మంది కంచె దగ్గర చేరారు. తాడు సంగతి అప్పటికే అందరికీ తెలుసు.

అయిదూ అయిదు అయింది. ఆరూ అయిదు ప్లీడరు గారిది. డాక్టరమ్మ ఆయన్ను నెట్టు దగ్గరికి లాగుతుంది, ఆయన ఆమెను వెనక్కు తోస్తారు. ఆఖరు బంతి ఆయన చాలా ఎత్తుకు లేపారు. అది పైన ఉండగానే మా గది వైపు నుంచి దబ్బున చప్పుడు, వెంటనే పాప ఏడుపు. ఆ ఏడుపు నాకు తెలుసు. ఎక్కడో తగిలిన ఏడుపు. నా ప్రాణమంతా అటే పోయింది. కళ్ళు మాత్రం గీత మీదే ఉన్నాయి.

బంతి పడింది. నల్లపొడిలోంచి చిటికెడు సున్నం లేచింది.

"లోపల," అన్నాను. "సెట్టు ప్లీడరు గారిది."

స్టూలు దిగి పరుగెత్తాను. పాప మెట్టు మీద నుంచి జారింది. అత్త అప్పటికే ఎత్తుకుని మోకాలు ఊదుతోంది. "ఏం కాలేదు పో, ఏం కాలేదు. నీ పని చూసుకో," అంది. "వాళ్ళు మంచినీళ్ళు అడుగుతాండారు."

నేను నీళ్ళ చెంబుతో వెళ్ళేసరికి డాక్టరమ్మ బూట్ల తాళ్ళు విప్పుకుంటోంది. నన్ను తిట్టినా పడదామనుకున్నాను. ఆమె చెంబెడు నీళ్ళూ తాగి, మూతి తుడుచుకుంది.

"రెండు రోజులు నీ మీద చాలా కోపంగా ఉన్నాను తులసమ్మా."

"ఉంటాది గదమ్మా."

"ఇంకా కొంచెం ఉంది. సోమవారం నుంచి నాకు చేతికి అందించకు. వెనక గీత మీద వెయ్యి. ఎత్తుగా. ఆయన నన్ను ఓడించింది అక్కడే." బూట్లు చేత పట్టుకుని లేచింది. "ఆడపిల్లల బడిలో ఇద్దరు టీచర్లు నేర్చుకుంటామంటున్నారు. వాళ్ళకు నువ్వే చెప్పాలి. సెక్రెటరీ గారిని అడిగాను."

ప్లీడరు గారు మా ఆయన చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారు. "ఇది గట్టిపడేదానికి ఇంకా నెల పడతాది. అంతవరకూ ఆమె. ఆ తర్వాత ఇద్దరూ చేయండి. గది ఎట్లాగూ మీదే గదా," అన్నారు. కోర్టులో వాయిదా చెప్పినంత మామూలుగా అన్నారు. మా ఆయన తల ఊపాడు.

ఆదివారం గిద్దలూరు వాళ్ళు పొద్దున బస్సుకే దిగారు. తాడు కథ వాళ్ళకంటే ముందు ఏ బస్సులో పోయిందో గానీ, వాళ్ళ కెప్టెన్ జేబులో టేపు పెట్టుకుని వచ్చాడు. కోర్టు నాలుగు పక్కలా కొలిచాడు. ఒక అంగుళం కూడా తేడా రాలేదు. అప్పుడు టేపు చుట్టుకుంటూ, "ఇంతకూ తాడు ఉడకబెట్టినామె ఎవరు?" అన్నాడు. జనం గొల్లుమన్నారు.

నేను అప్పటికే స్టూలెక్కి ఉన్నాను. "నేనేనన్నా. ఎండెక్కుతాంది, టాసు వెయ్యండి," అన్నాను.

ఆ రోజు తాసిల్దారు గారు గెలిచారు, రంగయ్య గారు గెలిచారు. ప్లీడరు గారు ఓడిపోయారు. ఆయన ఎదుటివాడు ఆయనకంటే పదిహేనేళ్ళు చిన్న. అయినా రెండు గంటలు నిలబడ్డారు. ఆఖరు బంతిని తనకిష్టమైనట్టే ఎత్తుగా లేపి, లోతుగా వేశారు. అది వెనక గీతకు నాలుగు వేళ్ళ అవతల పడింది.

"అవుట్," అన్నాను.

ఆయన గీత వైపు చూడను కూడా చూడలేదు. బ్యాటు చంకలో పెట్టుకుని, చెయ్యి కలపడానికి నెట్టు దగ్గరికి నడిచి వెళ్ళారు.